పాత భవనాల్లో పారిశ్రామిక యంత్రాలకు ట్రాన్స్‌ఫార్మర్ ఎంపిక: పాటించవలసిన జాగ్రత్తలు

సికింద్రాబాద్‌లోని బోయిన్‌పల్లి వంటి ప్రాంతాల్లో నివాసాలు, గోదాములు, వర్క్‌షాపులు పక్కపక్కనే ఉంటాయి. దీపాలు, ఫ్యాన్ల అవసరానికి వైరింగు చేసిన పాత కట్టడంలో లేత్, ప్రెస్సు, ప్యాకింగు యంత్రాలను నెలకొల్పినప్పుడు సరైన ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎంపిక చేసుకోవడం ఉత్పత్తికి మాత్రమే గాక ప్రాణ రక్షణకు సంబంధించిన అంశం అవుతుంది.

సికింద్రాబాద్‌లోనే 2022 మార్చి 23న బోయిగూడ గోదాములో జరిగిన అగ్నిప్రమాదంలో 11 మంది కార్మికులు, 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో జరిగిన ప్రమాదంలో ఆరుగురు మరణించారు. బాధితులు లోపలే చిక్కుకుపోయారు. నిప్పు పుట్టిన తరువాత పాత భవనంలో తప్పించుకునే వ్యవధి ఎంత స్వల్పమో ఈ దుర్ఘటనలు తెలియజేస్తున్నాయి. అందువల్ల నిప్పు పుట్టకుండా చూడడమే ప్రధానం.

యంత్రంపై ఉన్న వివరాల పరిశీలన

రాష్ట్రంలో లో టెన్షన్ త్రీఫేజ్ సరఫరా 415 వోల్టులు, 50 హెర్ట్జ్‌గా ఉంటుంది. దిగుమతి చేసుకున్న పాత యంత్రాలలో జపాన్‌వి సాధారణంగా 200 వోల్టులతో, అమెరికావి 208 లేదా 480 వోల్టులతో పనిచేస్తాయి. ఈ వ్యత్యాసాన్ని ట్రాన్స్‌ఫార్మర్ సరిచేయగలదు. అయితే ఫ్రీక్వెన్సీని అది మార్చలేదు. సింగిల్ ఫేజ్ సరఫరాను త్రీఫేజ్‌గానూ మార్చలేదు. 60 హెర్ట్జ్ మోటారును 50 హెర్ట్జ్ సరఫరాపై అదే వోల్టేజీతో నడిపితే వేగం తగ్గి, మోటారు వేడెక్కుతుంది. కాబట్టి యంత్రం కొనుగోలుకు ముందే నేమ్‌ప్లేటుపై గల వోల్టేజీ, ఫేజులు, హెర్ట్జ్, ఆంపియర్ల వివరాలను నమోదు చేసుకోవాలి.

సామర్థ్యం నిర్ణయించే విధానం

త్రీఫేజ్ యంత్రానికి వోల్టులను ఆంపియర్లతోను, 1.732తోను గుణించి 1000తో భాగిస్తే కేవీఏ లభిస్తుంది. ఉదాహరణకు 200 వోల్టులు, 40 ఆంపియర్ల యంత్రానికి 13.9 కేవీఏ అవసరం. దీనికి 25 శాతం అదనం కలిపితే 17.3 అవుతుంది గనుక 20 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌ను తీసుకోవచ్చు. నేరుగా స్టార్టు చేసే ఇండక్షన్ మోటారు ఆ క్షణంలో సాధారణ కరెంటుకు ఆరేడు రెట్లు తీసుకుంటుంది. పెద్ద మోటార్లున్న చోట ఈ అంశాన్ని ప్రత్యేకంగా లెక్కించవలసి ఉంటుంది.

పై ఉదాహరణలో యంత్రం వైపు 40 ఆంపియర్లు ప్రవహిస్తుండగా, 415 వోల్టుల వైపు సుమారు 19 ఆంపియర్లు మాత్రమే ప్రవహిస్తాయి. కనుక ట్రాన్స్‌ఫార్మర్‌ను యంత్రానికి దగ్గరగా ఉంచితే మందపాటి కేబుల్ కొద్ది దూరానికే పరిమితమవుతుంది.

రకం ఎంపిక

ఆటో ట్రాన్స్‌ఫార్మర్ ధర తక్కువే అయినప్పటికీ, సరఫరా వైపునకు, యంత్రం వైపునకు మధ్య విద్యుత్ పరమైన వేర్పాటు ఉండదు. వైండింగులో లోపం ఏర్పడితే ఎక్కువ వోల్టేజీ యంత్రానికి చేరే ప్రమాదం ఉంది. రెండు వేర్వేరు వైండింగులుండే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఇందుకు మేలైనది. అయితే దాని సెకండరీ న్యూట్రల్‌కు విధిగా ఎర్తింగు చేయాలి. లేనిపక్షంలో యంత్రం బాడీకి కరెంటు తగిలినా బ్రేకర్ పడిపోకపోవచ్చు.

నివాస, వాణిజ్య భవనాల లోపల నూనెతో నిండినవి కాకుండా డ్రై టైపు ట్రాన్స్‌ఫార్మర్లనే అమర్చాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు నిర్దేశిస్తున్నాయి.

భవనం స్థితిగతులు

పాత వైరింగు బలహీనతను ఏ ట్రాన్స్‌ఫార్మర్ కూడా పూడ్చలేదు. మీటరు నుంచి ప్రత్యేక కేబుల్ వేయించి, ఇన్సులేషన్‌ను, ఎర్తింగు నిరోధాన్ని పరీక్షింపజేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఆన్ చేసిన క్షణంలో కరెంటు అనేక రెట్లు పెరిగి వెంటనే తగ్గుతుంది. దీనివల్ల బ్రేకర్ పడిపోతున్నదని ఎక్కువ ఆంపియర్ల బ్రేకర్ వేయడం ప్రమాదకరం. అటువంటి కరెంటును తట్టుకునే తరహా బ్రేకర్‌ను, కేబుల్ సామర్థ్యానికి లోబడి అమర్చాలి.

20 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌లో 3 శాతం నష్టం జరిగినా 600 వాట్ల వేడి వెలువడుతుంది. గాలి ఆడని గదుల్లోను, మెట్ల కింద, వాన నీరు చేరే సెల్లారులోను దీనిని ఉంచరాదు. పై అంతస్తులో అమర్చదలిస్తే స్లాబు బరువు మోయగలదో లేదో ఇంజనీరుతో నిర్ధారించుకోవాలి.

అనుమతులు

ట్రాన్స్‌ఫార్మర్ అమర్చినంత మాత్రాన మంజూరైన లోడు పెరగదు. అదనపు లోడు కోసం దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు చేయాలి. 11 కిలోవోల్టుల సరఫరా తీసుకునేవారు విద్యుత్ తనిఖీ నిబంధనలను కూడా పాటించాలి. బోయిన్‌పల్లిలో కొంత భాగం సికింద్రాబాద్ కంటోన్మెంట్ బోర్డు పరిధిలో ఉన్నందున, భవన మార్పులకు ముందు తమ కట్టడం ఏ స్థానిక సంస్థ పరిధిలోకి వస్తుందో యజమానులు నిర్ధారించుకోవాలి.

ముందుగా యంత్రం వివరాలు, తరువాత భవనం పరీక్ష, ఆ పిమ్మట ట్రాన్స్‌ఫార్మర్ కొనుగోలు అనే క్రమాన్ని పాటిస్తే అనవసర వ్యయాన్ని, అంతకు మించి ప్రాణనష్టాన్ని నివారించవచ్చు.