మన బెల్లమే కదా అని... అరిసెలు ఎన్ని తినొచ్చు?

పై వీడియోలో అమ్మ అరిసెలు వత్తడం చూశారు కదా! అందులో చెప్పకుండా వదిలేసిన ఒక విషయం ఇక్కడ రాస్తున్నాను.

నేను ప్రకృతి వ్యవసాయంలో చెరకు వేసి, హైడ్రోస్ కలపకుండా బెల్లం వండి అమ్ముతాను. "మన బెల్లం అండీ, ఎంత తిన్నా ఏం కాదు" అని కస్టమర్లకీ చెప్పేవాణ్ణి, ఇంట్లో నాన్నకీ చెప్పేవాణ్ణి. నాన్న నా మాట నమ్మారు. పంచదార మానేసి టీలో బెల్లం, సాయంత్రం సున్నుండ, సంక్రాంతికి లెక్క లేకుండా అరిసెలు. పండగ వెళ్ళాక నీరసంగా ఉందంటే టెస్ట్ చేయించాం. మూడు నెలల సగటు షుగర్ 8.4 వచ్చింది. 6.5 నుంచే షుగర్ జబ్బు కింద లెక్క. "బెల్లం కూడా చక్కెరే కదయ్యా" అన్నారు డాక్టరు గారు. డిప్లొమా చదివినవాణ్ణి, ఆ మాట నాకు తెలియక కాదు. అమ్ముకునేవాణ్ణి కాబట్టి పట్టించుకోలేదు.

బెల్లం గురించి నిజం

మందులు, రసాయనాలు లేని బెల్లం మంచిదే. కొంచెం ఇనుము, ఖనిజాలు ఉంటాయి. కానీ అందులో ఎక్కువ భాగం చక్కెరే. సేంద్రియం అయినంత మాత్రాన ఒంట్లో షుగర్ పెరగకుండా ఆగదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన ప్రకారం, రోజుకి 2,000 కేలరీలు తినే మనిషికి విడిగా కలుపుకునే తీపి 50 గ్రాములు దాటకూడదు. 25 లోపు ఉంటే ఇంకా మంచిది. పంచదార, బెల్లం, తేనె అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

ఇప్పుడు మా ఇంటి లెక్క చూడండి. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం వేస్తాం, 40 అరిసెలు వస్తాయి. అంటే ఒక్కో దాంట్లో దాదాపు 19 గ్రాముల బెల్లం. ఒకటి తింటే ఫర్వాలేదు. రెండు తిని, రెండు టీలు తాగితే ఆ 25 దాటిపోయినట్టే.

జీవామృతానికి 200 లీటర్ల నీళ్ళకి 2 కిలోల బెల్లం వేస్తాం. మంచిదని 20 కిలోలు ఎవరూ వెయ్యరు కదా! పొలానికి కొలత పాటించే మనం ఒంటికి ఎందుకు పాటించం?

కంచంలో నవధాన్యాలు

నేల బాగుండాలని నవధాన్యాలు చల్లుతాం. కంచంలో మాత్రం తెల్లన్నం కొండలా పెట్టుకుంటాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే రోజు కంచంలో బియ్యం, చిరుధాన్యాలు కలిపి 250 గ్రాములే (వండక ముందు). పప్పులు 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు, పళ్ళు 100 గ్రాములు. గట్ల మీద తోటకూర, గోంగూర, మునగాకు ఉన్న రైతుకి ఇదేమీ ఖర్చు కాదు.

మరి తీపి మానేయాలా?

అక్కర్లేదు. పూర్తిగా మానేస్తే పండగ రోజు డబ్బా ఖాళీ చేస్తాం. మా ఇంట్లో ఇప్పుడు ఇలా చేస్తున్నాం:

- సున్నుండలు నిమ్మకాయంత చేసేవాళ్ళం, ఇప్పుడు ఉసిరికాయంత.
- తీపి ఖాళీ కడుపుతో కాదు, కూర, పప్పు తిన్నాక. ఆ పూట అన్నం ఒక గరిటె తక్కువ.
- తీపి తిన్న రోజు టీలో బెల్లం ఉండదు.
- తిన్నాక చేను దాకా ఒక నడక.
- డబ్బా అటక మీద. చేతికి అందేలా పెడితే లెక్క ఉండదు.

నాన్న మాత్రలు వాడుతూనే ఉన్నారు. ఆయన ఎంత తినొచ్చో డాక్టరు గారు చెప్పారు, ఆ మేరకే. షుగర్ ఉన్నవాళ్ళు ఈ పోస్ట్ చూసి మాత్రలు ఆపొద్దు, మీ డాక్టర్ని అడగండి.

నా బెల్లం ప్యాకెట్ మీద "షుగర్ ఉన్నవాళ్ళు కూడా తినొచ్చు" అని ఉండేది. తీసేశాను. కొంతమంది కస్టమర్లు తగ్గారు. మీరు కూడా బెల్లం, తేనె అమ్ముతుంటే ఒకసారి మీ లేబుల్ చదువుకోండి. మనల్ని నమ్మి కొనేవాళ్ళు కూడా ఎవరో ఒకరి నాన్నలే.