కొలతయు తూకమును

మన పెద్దలు వంటపాళ్లను సోలలతోను తవ్వలతోను చెప్పిరి. 1956వ సంవత్సరపు చట్టముచే మెట్రిక్ పద్ధతి యేర్పడినందున నేడు సరకులను కిలోలలో కొనుచున్నాము. కావున కొలతను తూకముగా మార్చుట మనము నేర్వవలెను.

కొలత సరకు ఆక్రమించు చోటును తెలుపును. తూకము దాని బరువును తెలుపును. లీటరు నీరు 1 కిలో తూగును. లీటరు బియ్యము సుమారు 800 గ్రాములును, గోధుమపిండి సుమారు 550 గ్రాములును మాత్రమే తూగును. గింజల నడుమను రేణువుల నడుమను గాలి యుండుటయే యిందుకు కారణము. పిండిని అదిమిన తూకము హెచ్చును; జల్లించిన తగ్గును. కావున బియ్యపు లెక్క పిండికి చెల్లదు.

ఖాళీ పాత్రను ముందు తూచుడు. సరకు నింపి, అంచుతో సమముగా గీసి, మరల తూచి, మొదటి తూకమును తీసివేయుడు. శేషమే సరకు బరువు. ప్రతి సరకునకు ఇట్లు చూచి, వంటయింట వ్రాసి యుంచుకొనుడు. ఈ లెక్క తప్పినచో కడపటి పంక్తివారికి అన్నము చాలదు.