తుక్కు విమానం, మబ్బుల పాఠం

1944 జూన్ 5న ఖరగ్‌పూర్ పరిసరాల్లోని వైమానిక స్థావరాల నుంచి 98 అమెరికన్ బీ-29 బాంబర్లు పైకి లేచాయి. గమ్యం బ్యాంకాక్‌లోని మక్కసాన్ రైల్వే వర్క్‌షాపు. ఆ రకం విమానానికి అదే తొలి యుద్ధయాత్ర. తీరా అక్కడికి చేరేసరికి కింద మబ్బులు కమ్ముకుని ఉన్నాయి. దాంతో చాలా విమానాలు రాడార్ తెర చూసి బాంబులు వేయాల్సి వచ్చింది. ఆ దళం ప్రధాన కార్యాలయం హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో ఉండేది. 1951లో దేశంలోని తొలి ఐఐటీ మొదలైంది కూడా ఆ భవనంలోనే.

ఖరగ్‌పూర్ అనగానే మనకు ముందు గుర్తొచ్చేది రైలు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి ఉత్తరాంధ్రకు చెందిన ఎన్నో తెలుగు కుటుంబాలు ఉద్యోగాల కోసం ఈ ఊరికి తరలివెళ్లి స్థిరపడ్డాయి. ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్ల ఊరు అది. తలెత్తి చూస్తే పక్కనున్న కలైకుండా స్థావరం నుంచి లేచే వాయుసేన విమానాలు కనిపిస్తాయి. పాత ఇనుముకు ప్రాణం పోసే చేతులకూ, ఆకాశంలోని విమానాలకూ పొత్తు కుదిర్చే పని ఒకటుంది. ఎగరడం మానేసిన చిన్న విమానం ముందు భాగాన్ని తెచ్చి, ఇంటి షెడ్డులో ఫ్లైట్ సిమ్యులేటర్‌గా మార్చడం! ఎన్నో దేశాల్లో ఔత్సాహికులు ఈ పని చేస్తున్నారు. చూసేవాళ్లకు ఇది పెద్దవాళ్ల ఆటబొమ్మలా అనిపించవచ్చు. కానీ సిమ్యులేటర్ పుట్టుక వెనక ఉన్నది ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న.

చెవి చెప్పే అబద్ధం

మన లోపలి చెవిలో ద్రవంతో నిండిన 3 అర్ధవృత్తాకార గొట్టాలు ఉంటాయి. తల తిరగడం మొదలుపెట్టగానే గొట్టం కదులుతుంది, ద్రవం మాత్రం కాస్త వెనకబడుతుంది. ఆ తేడాకు లోపలి సూక్ష్మ రోమాలు వంగి మెదడుకు కబురు పంపుతాయి. అయితే అదే వేగంతో 10, 20 సెకన్లపాటు తిరుగుతూ ఉంటే ద్రవం కూడా గొట్టంతో సమానంగా తిరగడం మొదలుపెడుతుంది. అప్పుడు రోమాలు నిటారుగా నిలబడతాయి. మనం ఇంకా తిరుగుతూనే ఉంటాం, మెదడు మాత్రం ఆగిపోయామనుకుంటుంది. నిజంగా ఆగినప్పుడేమో వెనక్కి తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. రంగులరాట్నం దిగిన పిల్లవాడు తూలేది ఇందుకే.

నేల మీద ఇది నవ్వులాట. మబ్బులో అయితే ప్రాణాంతకం. బయట ఏమీ కనపడని పైలట్‌కు విమానం ఒక పక్కకు ఒరిగి వలయంగా తిరుగుతున్న సంగతి తెలియదు. ఒరిగిన విమానం ముక్కు కిందికి దించుతుంది, వేగం పెరుగుతుంది. ముక్కు పైకి లేపుదామని పైలట్ కంట్రోల్‌ను తనవైపు లాగితే వలయం ఇంకా బిగుస్తుంది. ఇలా సుడి తిరుగుతూ నేలను తాకిన విమానాలెన్నో.

1954లో అమెరికాలోని ఇలినాయి విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని కొలిచి చూశారు. పరికరాల ఆధారంగా నడపడంలో శిక్షణ లేని 20 మందిని, పక్కన అనుభవజ్ఞుడైన శిక్షకుణ్ణి కూర్చోబెట్టి, బయటి దృశ్యం కనపడకుండా చేసి విమానం నడపమన్నారు. 20 మందీ అదుపు కోల్పోయారు. వారిలో 19 మంది ఆ సుడిలోకే జారారు. అదుపు తప్పడానికి పట్టిన సమయం సగటున 178 సెకన్లు. అంటే 3 నిమిషాలు కూడా కాదు.

దీనికి మందు ఒకటే. శరీరం చెప్పేది వదిలేసి, ఎదురుగా ఉన్న డయల్స్ చెప్పేది నమ్మాలి. చెప్పడం తేలికే గానీ, అలవాటు కావాలంటే ఎన్నోసార్లు పొరపాటు చేయాలి. ఆ పొరపాట్లు ఆకాశంలో చేయలేం కాబట్టే సిమ్యులేటర్ పుట్టింది.

వాయిద్యాల ఫ్యాక్టరీలో పుట్టిన విమానం

తొలి ప్రయత్నాలు చాలా మోటువి. 1910 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని ఆంత్వానెత్ సంస్థ పీపా ముక్కలను ఒకదానిపై ఒకటి బిగించి, పైన విద్యార్థిని కూర్చోబెట్టేది. సహాయకులు చేతులతో పీపాను ఊపేవారు. విద్యార్థి చక్రాలు తిప్పి దాన్ని నిలకడగా ఉంచాలి.

అసలు మలుపు ఎడ్విన్ లింక్ అనే యువకుడితో వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్‌లో అతని తండ్రికి పియానోలు, ఆర్గన్ వాయిద్యాలు తయారుచేసే ఫ్యాక్టరీ ఉండేది. విమానం నేర్చుకోవాలన్న కోరిక బలంగా ఉంది, పాఠాలేమో చాలా ఖరీదు. దాంతో ఫ్యాక్టరీ నేలమాళిగలో దాదాపు 18 నెలలు కష్టపడి 1929లో ఒక యంత్రం తయారుచేశాడు. పొట్టి రెక్కలున్న చిన్న విమానం బొమ్మ, దాని కింద ఆర్గన్ వాయిద్యంలోని గాలి తిత్తులు. కంట్రోల్ కదిపితే కవాటాలు తెరుచుకుని కొన్ని తిత్తులు ఉబ్బుతాయి, కొన్ని ముడుచుకుంటాయి. కొలిమి తిత్తిని చూసినవారెవరికైనా ఈ సూత్రం వెంటనే అర్థమవుతుంది.

మొదట్లో దాన్ని వినోద పార్కులవాళ్లు తప్ప పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1934లో అమెరికా ప్రభుత్వం విమాన తపాలా పనిని సైన్యానికి అప్పగించింది. రాత్రులు, మంచులో, మబ్బుల్లో ఎగరడం అలవాటులేని యువ పైలట్లు కొన్ని వారాల్లోనే ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. అప్పుడు సైన్యానికి లింక్ యంత్రం గుర్తొచ్చింది. ఒక్కొక్కటి 3,500 డాలర్లకు 6 కొన్నది. రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి 10,000కు పైగా లింక్ ట్రైనర్లు తయారయ్యాయి, లక్షల మంది వాటిలో శిక్షణ పొందారు. ఈ చరిత్రంతా ఒక కుర్రాడు చేతికందిన పాత సామాన్లతో చేసిన పని నుంచి మొదలైందని గుర్తుంచుకుంటే, షెడ్డులోని సిమ్యులేటర్‌ను తేలిగ్గా తీసుకోలేం.

తుక్కులో ఏం వెతకాలి?

ఇప్పుడు ఖరగ్‌పూర్‌లోనే ఒక ఇంటి వెనక షెడ్డులో ఈ పని మొదలుపెట్టామనుకుందాం. ఫ్లయింగ్ క్లబ్బుల్లో వాడే సెస్నా 152 వంటి రెండు సీట్ల విమానం ఇందుకు అనువైనది. రెక్కల కొస నుంచి కొసకు సుమారు 10 మీటర్లు, పొడవు 7 మీటర్ల పైచిలుకు ఉంటుంది. ఇద్దరు కూర్చునే క్యాబిన్ వెడల్పు మాత్రం మీటరుకు కాస్త అటూఇటూ. మన బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం 1.676 మీటర్లు కాబట్టి, క్యాబిన్ ఆ పట్టాల మధ్యే పట్టేస్తుంది. రెక్కలు విప్పి, ఇంజన్ తీసేసి, సీట్ల వెనక కోసేస్తే మిగిలిన ముక్క చిన్న వ్యాను మీద ఇంటికి చేరుతుంది. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారుచేసిన పుష్పక్ 1958లో తొలిసారి ఎగిరింది. ఉక్కు గొట్టాల చట్రం మీద గుడ్డ కప్పిన విమానం అది. అలాంటి చట్రం దొరికితే వెల్డింగు వచ్చినవారికి పండగే.

కొలతలు ముందే చూసుకోవాలి. 2022 నవంబరులో కొచ్చి నుంచి హైదరాబాద్‌కు లారీ మీద వస్తున్న పాత విమానం బాపట్ల జిల్లా కొరిశపాడు దగ్గర అండర్‌పాస్‌లో ఇరుక్కుపోవడం చాలామందికి గుర్తుండే ఉంటుంది.

జాగ్రత్తలూ ఉన్నాయి. విమానం రిజిస్ట్రేషన్ రద్దయిందని చూపే కాగితాలు లేకుండా కొనకూడదు. దాని విడిభాగాలు మళ్లీ ఎగిరే విమానంలోకి ఎన్నటికీ వెళ్లకూడదు. ట్యాంకుల్లో, గొట్టాల్లో మిగిలిన పెట్రోలు ఆవిరి చాలు నిప్పంటుకోవడానికి. అందులో సీసం కూడా ఉంటుంది. లోపలి రేకులకు పూసిన పసుపు, ఆకుపచ్చ ప్రైమర్‌లో క్రోమియం విషం ఉండవచ్చు కాబట్టి దాన్ని పొడిగా రుద్దకూడదు. చీకట్లో మెరిసేలా అంకెలు రాసిన చాలా పాత డయల్స్‌లో రేడియం ఉండే అవకాశం ఉంది. వాటిని విప్పకుండా పక్కన పెట్టడమే మంచిది.

కదలిక అంకెగా మారే చోటు

అసలు విమానంలో కంట్రోల్ చక్రం తిప్పితే ఉక్కు తీగలు, కప్పీల ద్వారా రెక్కల చివరనున్న పలకలు కదులుతాయి. షెడ్డులో రెక్కలు లేవు కాబట్టి ఆ తీగ చివర పొటెన్షియోమీటర్ బిగిస్తారు. పాత రేడియోలో శబ్దం పెంచే నాబ్ వెనక ఉండేది అదే. నాబ్ తిరిగినకొద్దీ వోల్టేజి మారుతుంది. ఆర్డుయినో వంటి చిన్న బోర్డు ఆ వోల్టేజిని అంకెగా మార్చి, యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కు పంపుతుంది.

ఇక్కడే కొత్తవాళ్లు పప్పులో కాలేస్తారు. మామూలు పొటెన్షియోమీటర్ 270 డిగ్రీలు తిరుగుతుంది, ఆర్డుయినో దాన్ని 1,024 మెట్లుగా చదువుతుంది. కంట్రోల్ కదలిక మొత్తం 60 డిగ్రీలే అనుకుందాం. నేరుగా బిగిస్తే మనకు దక్కేది 228 మెట్లు మాత్రమే. విమానం గంతులు వేస్తున్నట్టు కదులుతుంది. మధ్యలో 1కి 4 పళ్ల చక్రం పెడితే 60 డిగ్రీలు 240 అవుతాయి, మెట్లు 910కి పెరుగుతాయి. ఖరీదైన చిప్ చేయాల్సిన పనిని లేత్ మీద కోసిన ఒక చక్రం చేసిపెడుతుంది.

అంకెలు అందుకున్నాక లెక్కల పని కంప్యూటర్‌ది. ఉచితంగా దొరికే ఫ్లైట్‌గేర్ వంటి సాఫ్ట్‌వేర్ విమానం మీద పనిచేసే బలాలను సెకనుకు 120 సార్లు లెక్కగట్టగలదు. వేగం, ఎత్తు, ఒరుగుదల వివరాలను బయటికి పంపుతుంది. ఆ సమాచారంతో కార్ల డాష్‌బోర్డుల్లో వాడే చిన్న స్టెప్పర్ మోటార్లను నడిపి, పాత డయల్స్‌లోని ముళ్లు కదిలేలా చేస్తారు. అంత ఓపిక లేనివారు ప్యానెల్ రంధ్రాల వెనక ఒక తెర పెట్టి సరిపెట్టుకుంటారు.

ఆలస్యమైతే అంతే

రెండు విషయాల్లో మాత్రం రాజీ కుదరదు. మొదటిది ఆలస్యం. కంట్రోల్ కదిపిన ఎంతసేపటికి తెర మీద ఫలితం కనపడుతుంది? పెద్ద శిక్షణ సిమ్యులేటర్లలో ఇది సుమారు 100 నుంచి 150 మిల్లీసెకన్ల లోపే ఉండాలంటారు. అంతకు మించితే మనిషి ఎక్కువ సరిదిద్దుతాడు, మళ్లీ వెనక్కి సరిదిద్దుతాడు. విమానం ఊయలలా ఊగిపోతుంది. తప్పు తనదే అనుకుని తప్పుడు అలవాటు నేర్చుకుంటాడు. ఇంట్లో వాడే టీవీయే కొన్నిసార్లు ఈ ఆలస్యానికి కారణం. దాన్ని గేమ్ మోడ్‌లోకి మారిస్తే చాలావరకు తగ్గుతుంది.

రెండోది చేతికి తెలిసే బరువు. గాలి ఒత్తిడి వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. వేగం రెట్టింపయితే కంట్రోల్ 4 రెట్లు బరువెక్కుతుంది. వేగం బాగా తగ్గితే పట్టు వదులవుతుంది. విమానం కూలబడబోతోందని పైలట్ చేతికి అందే హెచ్చరిక అది. మామూలు స్ప్రింగుకు వేగం సంగతి తెలియదు, ఎప్పుడూ ఒకేలా లాగుతుంది. మోటారు పెట్టి వేగానికి తగ్గట్టు బిగింపు మార్చవచ్చు. పెట్టలేకపోతే ఈ హెచ్చరిక మన సిమ్యులేటర్‌లో ఉండదని అందులో కూర్చునేవారికి ముందే చెప్పాలి.

తెల్లటి గుడ్డ చాలు

ఇలాంటి యంత్రంలో గడిపిన గంటలు పైలట్ లైసెన్సుకు లెక్కలోకి రావు. అందుకు డీజీసీఏ ఆమోదించిన సిమ్యులేటర్లు వేరే ఉన్నాయి. కదలని సీటులో చెవి అబద్ధం చెప్పదు కాబట్టి, ఆ అబద్ధాన్ని తట్టుకోవడం కూడా ఇక్కడ పూర్తిగా రాదు. ఆ అనుభవం కావాలంటే ఆఫీసు కుర్చీ ఉంది. కళ్లకు గంతలు కట్టిన మిత్రుణ్ణి అందులో కూర్చోబెట్టి, పడిపోకుండా పట్టుకుని, నెమ్మదిగా ఒకే వేగంతో అరనిమిషం తిప్పండి. ఎటు తిరుగుతున్నాడో బొటనవేలితో చూపమనండి. తిరుగుతుండగానే ఆగామంటాడు. ఆపాక వ్యతిరేక దిశలో తిరుగుతున్నామంటాడు.

షెడ్డులోని సిమ్యులేటర్ నేర్పగలిగేది దాని తర్వాతి పాఠం. కృత్రిమ క్షితిజం చూపే డయల్ మీది నుంచి చూపు ఎత్తు మీదికి, వేగం మీదికి, దిశ మీదికి వెళ్లి మళ్లీ క్షితిజానికి తిరిగి రావాలి. ఏ ముల్లు కదిలినా కారణం వెతకాలి. ఈ పాఠానికి 3 పెద్ద తెరలు, అందమైన దృశ్యాలు అక్కర్లేదు. మబ్బు లోపల కనపడేది తెలుపే కాబట్టి కిటికీ అద్దాల మీద తెల్లటి గుడ్డ కప్పితే సరిపోతుంది. వైమానిక చరిత్రలో ఎక్కువ ప్రాణాలు కాపాడిన పాఠాల్లో ఒకటి ఇంత చవకగా సాధన చేయవచ్చు.

వేసవి సాయంత్రాల్లో కాల్‌బైశాఖి గాలివానలు ఖరగ్‌పూర్ మీద విరుచుకుపడతాయి. పది నిమిషాల్లో ఆకాశం నల్లబడిపోతుంది. అలాంటి సాయంత్రం షెడ్డులో పాత విమానం క్యాబిన్‌లో కూర్చుని, గుడ్డ కప్పి, గడియారం నొక్కి మొదలుపెట్టి చూడండి. 178 సెకన్లు దాటగలిగితే మొదటి మెట్టు ఎక్కినట్టే. దాటలేకపోతే తలుపు తీసుకుని బయటికి వచ్చి, టీ తాగి, మళ్లీ కూర్చోవచ్చు.