గ్లిజరిన్ తీగలు, అరటిపండు వాసన

యూసుఫ్‌గూడలో మా బావ ఇంటి డాబా మీద ఆదివారం సాయంత్రం ఒక తంతు నడుస్తుంది. బీరు సీసా మూత తీయగానే బావ మూతిని బొటనవేలితో అదిమి, సీసాను తలకిందులు చేసి, నిండా నీళ్లున్న గ్లాసులో ముంచి వేలు తీస్తాడు. సీసాలోంచి చిక్కటి తీగలాంటిదేదో మెలికలు తిరుగుతూ గ్లాసు అడుక్కి జారుతుంది.

"చూసినవా, గ్లిజరిన్! ఇది పోతే పొద్దుగాల తల నొయ్యదు."

మన దగ్గర బీరు గురించి ఉన్న అపోహల్లో దీనిదే పెద్దపీట. ఆ జారేది బీరే. పులిశాక కూడా మాల్టు చక్కెరలు కొన్ని మిగులుతాయి కాబట్టి బీరు నీళ్లకంటే కాస్త బరువు. బరువైనది కిందికి దిగుతుంటే నీళ్లు సీసాలోకి ఎక్కుతాయి. అంటే బావ డబ్బులిచ్చి కొన్న బీరులో నీళ్లు కలుపుకుంటున్నాడు. గ్లిజరిన్ అసలు ఉండదా అంటే ఉంటుంది. ఏ బీరులోనైనా ఈస్టే దాన్ని లీటరుకు గ్రామో రెండు గ్రాములో తయారుచేస్తుంది. అది నీళ్లలో ఇట్టే కలిసిపోయేది, విడిగా తీగలు కట్టి దిగిరాదు. ఓసారి చక్కెర వేసిన చల్లటి టీ డికాక్షన్‌ను సీసాలో పోసి ఇదే పని చేసి చూపించాను. అవే తీగలు.

"అంటే చాయ్‌ల కూడ కలుపుతున్నరన్నట్టు!" అన్నాడు బావ.

తలనొప్పికి కారణం సీసా మీదే రాసి ఉంటుంది. బీరు అంటే మెత్తని మందు, విస్కీ అంటే ఘాటు అనుకుంటాం. లెక్క వేయండి. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసాలో 52 మి.లీ. ఆల్కహాల్. 42.8 శాతం విస్కీ లార్జ్ పెగ్గులో 26 మి.లీ. కూడా లేదు. ఒక సీసా అంటే రెండు లార్జులు. "బీరే కదా" అని బండి తీసేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన ఇంకో అంకె: చట్టం ఒప్పుకునేది 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములే.

2015లో తెలంగాణలో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు వచ్చాక, కళ్లెదుటే ట్యాంకుల్లో కాచి పులియబెట్టి పోసే బీరు మా పక్కనే జూబ్లీహిల్స్‌కు వచ్చింది. యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కితే రెండో స్టాపు చెక్‌పోస్టు. బీరుతోపాటు కొత్త అపోహలూ వచ్చాయి.

నల్లగా ఉంటే స్ట్రాంగ్ అనేది ఒకటి. నలుపు వేయించిన బార్లీది. కాఫీ గింజను ఎంత వేయిస్తే అంత నలుపెక్కదూ? మత్తుకూ దానికీ సంబంధం లేదు. నల్లటి గిన్నెస్ డ్రాట్ 4.2 శాతం, బావ డాబా మీది పసుపుపచ్చ సీసా 8.

మబ్బుగా ఉంటే పాడైందనేది ఇంకొకటి. హెఫెవైజెన్ అనే జర్మన్ గోధుమ బీరు మసకగానే ఉండాలి. గోధుమలోని ప్రొటీన్లు, వడకట్టకుండా వదిలేసిన ఈస్టు అందులో తేలుతుంటాయి. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే మాగిన అరటిపండు, వెనకాలే లవంగం. "ఎసెన్స్ వేశారు" అని పక్క టేబుల్ వాళ్లు తీర్మానించేస్తారు. ఎవరూ ఏమీ వేయలేదు. అరటిపండుకు వాసన తెచ్చే పదార్థాన్నే ఈ ఈస్టు పులిసేటప్పుడు తయారుచేస్తుంది, లవంగం వాసనా దాని పనే. కల్లు ఎరిగినవాళ్లం, మసకను చూసి మనం జంకడమేమిటి?

చల్లగా ఉంటేనే రుచి అన్నది కూడా అపోహేనని ఒప్పుకోవడానికి నాకే చాలాకాలం పట్టింది. ఫ్రిజ్‌లోంచి తీసిన రసం మామిడిని అప్పటికప్పుడు కోసి చూడండి, వాసన ఏది? బీరూ అంతే. తేలికపాటి లాగర్‌కు చల్లదనం సరే, గిన్నెస్ లాంటి నల్లటి స్టౌట్‌ను పది నిమిషాలు బల్ల మీద వదిలేయాలి. నురగ కూడా ఓ రెండు వేళ్ల మందం ఉండనివ్వండి. వాసన అందులోంచే లేస్తుంది.

మైక్రోబ్రూవరీల క్రాఫ్ట్ బీరు అనగానే గొప్పదనుకోవడం చదువుకున్నవాళ్ల అపోహ. ఓ చోట నాకిచ్చిన లాగర్ కరిగించిన వెన్న పూసిన పాప్‌కార్న్ వాసన కొట్టింది. "బటరీ నోట్ సార్" అన్నాడు వెయిటర్. నోటూ లేదు, పాడూ లేదు. అది డయాసిటిల్. ఈస్టే దాన్ని వదులుతుంది, ఇంకొన్ని రోజులు ట్యాంకులో ఉండనిస్తే చాలావరకు తనే మింగేస్తుంది. తొందరపడి దించేస్తే మన గ్లాసులోకి వస్తుంది.

ఇలాంటివి పట్టుకోవడమే బీరు రివ్యూ రాయడమంటే. నా నోటు పుస్తకంలో మొదటి పేజీలన్నీ "బాగుంది", "పర్లేదు", "సూపర్". ఇప్పుడు చదివితే ఏ బీరు ఎలా ఉందో నాకే తెలియదు. పోటీల్లో చాలాచోట్ల వాడే బీజేసీపీ (బీరు జడ్జిల సంస్థ) మార్కుల పత్రంలో 50 మార్కులకు రుచికి 20, వాసనకు 12, చూపుకు 3 మాత్రమే. ఫొటోలు తీసేవాళ్లు గమనించాలి. పెద్ద గ్లాసు చెప్పకుండా చిన్న గ్లాసుల ట్రే తెప్పించుకుని తేలికైన దానితో మొదలుపెట్టి చేదైన దానితో ముగించండి, మధ్యలో మంచినీళ్లు. మిర్చి బజ్జీ తింటూ రుచి చూస్తే మార్కులన్నీ మిరపకాయకే పోతాయి.

చివరగా, బీరు తాగితే కిడ్నీలో రాళ్లు కరుగుతాయన్న మాట. మూత్రం ఎక్కువ వస్తుంది, ఉన్న రాయి కరగదు. పైగా బీరు యూరిక్ ఆమ్లాన్ని పెంచుతుంది, ఆ రకం రాళ్లున్నవాళ్లకు కీడే. నీళ్లు తాగండి, డాక్టరును కలవండి.

కిందటి నెల బావను చెక్‌పోస్టు దగ్గరికి తీసుకెళ్లాను. హెఫెవైజెన్ ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉన్నాడు. "అరటిపండే! తాగితే మాత్రం మా ఊర్ల పొద్దుగాల దించిన కల్లు యాదికొస్తుంది," అన్నాడు. తర్వాత వెయిటర్‌ను పిలిచి నీళ్ల గ్లాసు అడిగాడు. నా గుండె గుభేల్‌మంది.

తాగడానికే.