చదివిన బడి పేరు?

2018 జూన్ నెలాఖరు. మా తెనాలిలోనే ఒక డిగ్రీ కాలేజీ. అప్లికేషను ఫారం కొనుక్కుని, నేనూ మా అమ్మాయీ అక్కడే వేపచెట్టు కింద అరుగు మీద కూర్చుని నింపుతున్నాం. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ... అన్నీ చకచకా అయిపోయాయి. రెండో పేజీలో ఒక పట్టిక ఉంది. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏ ఏడు ఏ బడిలో, ఏ ఊళ్లో చదివారో వరసగా రాయాలట. మొత్తం ఏడు గళ్లు. మొదటి గడి నింపి మా అమ్మాయి పెన్ను ఆపేసింది.

"అమ్మా, మిగతా ఆరింటిలో ఏం రాయను? ఇల్లు అని రాసేదా?"

అది నవ్వుతూనే అడిగింది. నాకు మాత్రం గుండె గుభేలుమంది. అన్నేళ్లూ చుట్టాలడిగినా, ఇరుగుపొరుగు వాళ్లడిగినా తడుముకోకుండా జవాబు చెప్పినదాన్ని, ఆ ఆరు ఖాళీ గళ్ల ముందు నోరు పెగల్లేదు.

మేమేదో ఆదర్శం కొద్దీ పిల్లని బడి మాన్పించలేదు. 2011లో, అది ఆరో తరగతిలో ఉండగా రుమాటిక్ జ్వరం వచ్చింది. కీళ్లు వాచిపోయి అడుగు తీసి అడుగు వేయలేకపోయేది. ఈ జబ్బు అశ్రద్ధ చేస్తే గుండె కవాటాలు దెబ్బతింటాయని డాక్టరుగారు చెప్పారు. మూడు వారాలకొక పెన్సిలిన్ ఇంజెక్షను, కొన్ని నెలలు విశ్రాంతి. బడివాళ్లేమో హాజరు చాలలేదు, మళ్లీ ఆరులోనే కూర్చోవాలన్నారు. తరగతి చూస్తే మూడో అంతస్తులో! సరే, ఒక్క ఏడాది ఇంట్లోనే చదివిద్దాం అనుకున్నాం.

ఏడాది తిరిగేసరికి పిల్ల తేరుకుంది. బడికెళ్తావా అంటే తల అడ్డంగా ఊపింది. నిజం చెప్పొద్దూ, నాకూ పంపాలనిపించలేదు. పొద్దున్న వంట కాగానే నేను సైన్సు, సోషలు చెప్పేదాన్ని. లెక్కలు మా వీధి చివర రిటైరైన మాస్టారు చెప్పేవారు. కిరాణా పద్దు, పాలవాడి లెక్క, కరెంటు బిల్లు దాని చేతే రాయించేదాన్ని. మధ్యాహ్నం లైబ్రరీ. చదువు బాగానే సాగింది. కానీ రాత్రిళ్లు పడుకున్నాక ఒకటే ఆలోచన. దీని బాగు కోసం ఇంట్లో ఉంచానా, నాకు తోడుగా ఉంటుందని ఉంచుకున్నానా? దానికి జవాబు ఇప్పటికీ పూర్తిగా నా దగ్గర లేదు.

ఇంట్లో చదవడం మన ఆడవాళ్లకు కొత్తేం కాదనుకోండి. మా పెద్దమ్మ తరంలో "ప్రైవేటుగా కట్టడం" అనేవారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ బెనారస్ మెట్రిక్ అలా పాసైనవారే. తరవాత ఆంధ్రా యూనివర్సిటీలో బి.ఏ., మద్రాసులో లా చదివారు. 1937లో మద్రాసులో ఆవిడ ప్రారంభించిన ఆంధ్ర మహిళా సభ ఎందరో ఆడవాళ్లను ఆ బెనారస్ మెట్రిక్కుకు తయారుచేసింది. 1982లో హైదరాబాదులో ఓపెన్ యూనివర్సిటీ వచ్చాక, బడి మొహం చూడనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరిన రోజులున్నాయి. పెళ్లయి పిల్లలు పుట్టాక డిగ్రీ పుచ్చుకున్నవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు.

మాకు దారి చూపించింది ఓపెన్ స్కూలు. దేశం మొత్తానికీ ఉన్న నేషనల్ ఓపెన్ స్కూలు ఒకటి (ఎన్.ఐ.ఓ.ఎస్. అంటారు), రాష్ట్రాల ఓపెన్ స్కూళ్లు వేరే. మేం మొదటిది ఎంచుకున్నాం. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతికి కట్టొచ్చు. ఎనిమిది పాసైన కాగితం లేకపోయినా, చదవగలనని స్వయంగా రాసిచ్చే పత్రం చాలు. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు, అన్ని సబ్జెక్టులూ ఒక్కసారే రాయనక్కర్లేదు. ఒంట్లో బాగోని పిల్లలకి ఇది ఎంత ఊరటో నాకు తెలుసు. 2016లో పది పాసైంది. 2017 అక్టోబరులో మూడు, మరుసటి ఏప్రిల్‌లో రెండు సబ్జెక్టులు రాసి ఇంటర్ అయిందనిపించింది. సైన్సు ప్రాక్టికల్స్‌కి మాత్రం స్టడీ సెంటరుకు వెళ్లక తప్పలేదు. మొదటిరోజు పిపెట్‌తో ద్రావణం నోట్లోకి పీల్చేసి, ఇంటికొచ్చేదాకా ఉమ్ముతూనే ఉంది పాపం!

సరే, మళ్లీ కాలేజీకి వద్దాం. ఫారం అలాగే పట్టుకుని కౌంటరు దగ్గరికి వెళ్లాం. గుమాస్తా మార్కుల లిస్టు చూసి, "ఓపెనా? ఓపెన్ వాళ్లకి రెగ్యులర్ సీటివ్వరమ్మా" అని వెనక్కి తోసేశాడు. ఓపెన్ స్కూలు అంటే సి.బి.ఎస్.ఇ. లాగే అదీ ఒక బోర్డేనని ఎంత చెప్పినా వినడే! మా వెనక ఉన్నాయన "ఏదైనా కరస్పాండెన్సులో చేర్పించండమ్మా, ఆడపిల్లేగా" అని సలహా కూడా పారేశాడు. నేను ఏడవడానికి సిద్ధంగా ఉన్నాను. మా అమ్మాయే "ఆ మాట కాగితం మీద రాసివ్వండి సార్, ప్రిన్సిపాల్ గారికి చూపిస్తాం" అంది. అది అంత గట్టిగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

ఆ మాటకి లోపలి నుంచి సూపరింటెండెంటు గారు వచ్చారు. యాభై దాటిన మనిషి. కాగితాలు తిరగేసి, యూనివర్సిటీకి ఫోను చేసి కనుక్కుని, "బోర్డుతో పేచీ లేదమ్మా. స్టడీ సర్టిఫికెట్లు లేవు కదా, లోకలని ఎలా తేలుస్తాం?" అన్నారు. మళ్లీ ఆ ఆరు గళ్లే! ఆవిడే ఒక నిమిషం ఆగి, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో దీనికీ దారి ఉందన్నారు. లోకల్ అనిపించుకోవడానికి వరసగా నాలుగేళ్లు ఇక్కడి బడిలో చదవాలి. ఆ నాలుగేళ్లలో బడిలో చదవని కాలం ఉంటే, అర్హత పరీక్షకు ముందు నాలుగేళ్లు ఇక్కడే నివాసం ఉన్నట్టు చూపించాలి. తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం తెమ్మన్నారు.

గడువు ఇంకా తొమ్మిది రోజులే. రేషను కార్డు, కరెంటు బిల్లులు, ఇంజెక్షను చీటీలు కూడా పట్టుకుని తహసీల్దారు ఆఫీసుకి తిరిగాం. ఆ చీటీల్లో ప్రతి మూడు వారాలకీ మా ఊరి ఆసుపత్రి ముద్ర ఉంది మరి! ఏడో రోజున పత్రం చేతికొచ్చింది. ఆరు గళ్ల మీద అడ్డంగా గీత గీసి "ఇంటివద్ద చదువు, నివాస పత్రం జతపరచడమైనది" అని రాయమన్నారు సూపరింటెండెంటు గారు. బి.యస్సీలో సీటొచ్చింది.

మేం చేసిన పొరపాటు కూడా చెప్పాలి. బడి మానేటప్పుడు టి.సి. తీసుకోలేదు. ఆ ఒక్క గడికి రుజువు కోసం ఏడేళ్ల తరవాత పాత బడి చుట్టూ నాలుగుసార్లు తిరిగాం. మీ ఇంట్లో ఇలా చదివే పిల్ల ఉంటే ఆ కాగితం ముందు తీసుకోండి. పది, ఇంటర్ పాసయ్యాక ఓపెన్ స్కూలు ఇచ్చే మైగ్రేషను సర్టిఫికెట్టే టి.సి.గా కూడా పనికొస్తుంది, దాన్ని పారేసుకోకండి. పిల్ల ఏ కోర్సుకి వెళ్లాలనుకుంటోందో అడిగి, దానికి కావలసిన సబ్జెక్టులే కట్టించండి. డాక్టరు చదువు సంగతైతే, ఓపెన్ స్కూలు పిల్లలు నీట్‌కి పనికిరారన్న నిబంధనని 2018లోనే ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. ఇక డిగ్రీ సీట్లు తెలంగాణలో 2016లో, ఆంధ్రలో 2020లో ఆన్‌లైన్ దారి పట్టాయి. కౌంటరు పోయింది గానీ గళ్లు పోలేదు!

కాలేజీ మొదటిరోజు సాయంత్రం అది ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా చెప్పింది. హాజరు పిలుస్తుంటే ఏమనాలో తెలియక, తన నంబరు రాగానే లేచి నిలబడి పూర్తి పేరు చెప్పిందట. క్లాసంతా గొల్లున నవ్వారట.

"నువ్వేం చేశావే?" అన్నాను భయంగా.

"నేనూ నవ్వాను. అమ్మా, రేపు క్యారేజీలో గోంగూర పచ్చడి కాస్త ఎక్కువ పెట్టు. పక్క బెంచీ అమ్మాయికి కావాలట."