లాగ్‌లో ఏది రాయాలి, ఏది వదిలేయాలి?

సర్వర్ సాఫ్ట్‌వేర్ తాను చేసిన పనులనూ తనకు ఎదురైన ఇబ్బందులనూ ఎప్పటికప్పుడు రాసిపెట్టే చిట్టాను లాగ్ అంటారు. రద్దీ ఎక్కువగా ఉన్న సర్వర్ ప్రతి చిన్న విషయాన్నీ రాస్తూ పోతే డిస్కు నిండిపోతుంది. అసలైన ప్రమాద సూచన లక్షల లైన్ల మధ్య ఎవరి కంటా పడదు. అలాగని ఏమీ రాయకపోతే, సర్వర్ ఎందుకు ఆగిపోయిందో తెలుసుకునే దారే మిగలదు. ఏది రాయాలో తేల్చేందుకు పుట్టిందే తీవ్రత స్థాయి.

1980లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో ఎరిక్ ఆల్మన్ సెండ్‌మెయిల్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ కోసం సిస్‌లాగ్ అనే లాగింగ్ వ్యవస్థను తయారుచేశారు. అది యూనిక్స్ లోకమంతా పాకింది. 2009లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 5424 ప్రమాణంలోనూ దాని ఎనిమిది స్థాయిలే ఉన్నాయి. వ్యవస్థ మొత్తం పనికిరాకుండా పోతే ఎమర్జెన్సీ, దాని అంకె 0. వెంటనే ఎవరో ఒకరు కదలాల్సి వస్తే అలర్ట్, 1. తర్వాత వరుసగా క్రిటికల్, ఎర్రర్, వార్నింగ్, నోటీస్, ఇన్ఫో. చివరన 7వ అంకెతో డీబగ్. అంకె తగ్గేకొద్దీ తీవ్రత పెరుగుతుందన్నమాట. పైథాన్ లాగింగ్ లైబ్రరీలో ఇది తలకిందులు: అక్కడ డీబగ్ 10, క్రిటికల్ 50. రెండింటితోనూ పనిచేసేవారు ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

ఈ స్థాయి జల్లెడలా పనిచేస్తుంది. అపాచీ వెబ్ సర్వర్‌లో లాగ్‌లెవెల్ అనే సెట్టింగ్ మామూలుగా వార్నింగ్ దగ్గర ఉంటుంది. అంటే ఆ స్థాయి సందేశాలూ అంతకంటే తీవ్రమైనవీ లాగ్‌కు చేరతాయి, మిగతావి రాలిపోతాయి. ఒక్క మినహాయింపు ఉంది: మామూలు ఫైలులోకి రాసేటప్పుడు నోటీస్ సందేశాలను అపాచీ ఎప్పుడూ ఆపదు. ఎన్‌జిన్‌ఎక్స్ అనే మరో వెబ్ సర్వర్ ఇంకాస్త పొదుపరి, ఎర్రర్‌తోనే మొదలవుతుంది. దాని డీబగ్ లాగ్ కావాలంటే సాఫ్ట్‌వేర్‌ను ఆ సదుపాయంతో బిల్డ్ చేసి ఉండాలి.

రాలిపోయిన సందేశం ఎక్కడా దాగి ఉండదు. సర్వర్ కూలిన తర్వాత డీబగ్ పెడితే దొరికేది రాబోయే ప్రమాదపు ఆనవాళ్లే, జరిగిపోయినదానివి కావు.

ఏ సందేశానికి ఏ స్థాయి ఇవ్వాలో నిర్ణయించేది మాత్రం కోడ్ రాసిన ప్రోగ్రామరే. జల్లెడ ఎంత మంచిదైనా ఈ నిర్ణయం తప్పితే ప్రయోజనం లేదు. వాడుకరి ఒకసారి పాస్‌వర్డ్ తప్పుగా కొట్టడం సర్వర్ లోపం కాదు, దానికి ఇన్ఫో చాలు. డిస్కు నిండబోతుంటే వార్నింగ్. డేటాబేస్‌తో సంబంధం తెగి పని ఆగితే ఎర్రర్. చిన్నాపెద్దా అన్నిటికీ ఎర్రర్ ముద్ర వేస్తే, రాత్రి డ్యూటీలో ఉన్నవారు క్రమంగా హెచ్చరికలను చూడటమే మానేస్తారు. ఇది డిస్కు నిండడం కన్నా పెద్ద నష్టం.

లాగ్‌లో అతిగా రాయడం భద్రతకూ ముప్పే. 2018లో ట్విట్టర్ సంస్థ ఒక బగ్ వల్ల పాస్‌వర్డ్‌లు ఉన్నవి ఉన్నట్టుగా తన అంతర్గత లాగ్‌లో నమోదయ్యాయని వెల్లడించి, వాటిని మార్చుకోవాలని వాడుకరులను కోరింది. డీబగ్ స్థాయిలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ, ఎందుకంటే లోపలికి వచ్చిన సమాచారం ఉన్నదున్నట్టుగా అక్కడ అచ్చయ్యే అవకాశం ఉంటుంది. అపాచీ 2.4 నుంచి ఒక్కో మాడ్యూల్‌కు వేర్వేరు స్థాయి పెట్టుకోవచ్చు. కాబట్టి అనుమానమున్న భాగానికే డీబగ్ పెట్టి, కారణం దొరకగానే తీసేయాలి. పాస్‌వర్డ్‌లూ ఓటీపీలూ మాత్రం ఏ స్థాయిలోనూ లాగ్‌కు ఎక్కకూడదు.