కొండ మీద వేధశాలలు

పొయ్యి మండుతున్నప్పుడు దాని సెగ మీదుగా అవతలి గోడను చూడండి. గోడ వణుకుతున్నట్లు కనిపిస్తుంది. వణికేది గోడ కాదు, మధ్యలోని వేడిగాలి. నక్షత్రాలు మిణుకుమిణుకుమనడానికి కూడా గాలి కదలికే కారణం. కొండ ఎక్కితే దుమ్ము, తేమ, కొంత గాలి కిందనే ఉండిపోతాయి. ఊళ్ళ దీపాలూ దూరమవుతాయి. అందుకే ఆకాశాన్ని పరిశీలించే వేధశాలలను, అంటే అబ్జర్వేటరీలను, ఎక్కువగా కొండల మీద కడతారు.

తమిళనాడులోని అలాంటి రెండు చోట్లకు ఒక విద్యార్థి బృందం బయలుదేరిందనుకుందాం. మనమూ వారి వెంట వెళదాం.

మొదటిది కొడైకెనాల్. ఎత్తు సుమారు 2,340 మీటర్లు. ఇక్కడ పరిశీలించేది సూర్యుణ్ణి. ఎండ ముదిరి నేల వేడెక్కితే గాలి కదలిక ఎక్కువవుతుంది. కాబట్టి పొద్దుటిపూటే చూడాలి. 11 మీటర్ల గోపురం మీది అద్దం సూర్యకాంతిని పట్టి కిందికి పంపుతుంది. ఆ కాంతి 60 మీటర్ల సొరంగంలోకి మళ్ళి, కటకం గుండా సాగి, 34 సెంటీమీటర్ల సూర్యబింబంగా ఏర్పడుతుంది. పెద్ద పళ్ళెమంత సూర్యుడన్నమాట! (సూర్యుణ్ణి నేరుగా మాత్రం ఎన్నడూ చూడకండి. కళ్ళు పోతాయి.)

ఈ వేధశాల పుట్టుక వెనుక ఒక కరువు ఉంది. 1876-78లో మద్రాసు రాజధానిలో లక్షల మంది ఆకలితో చనిపోయారు. మన పెద్దలు ధాత కరువు అన్నది దీనినే. సూర్యునిలోని మచ్చలకూ వానలకూ సంబంధం ఉందేమో తెలుసుకోవాలన్న ఆలోచన అప్పుడు బలపడింది. 1899లో ఇక్కడ వేధశాల ఏర్పడింది. మచ్చలను చూసి వాన రాకను చెప్పే ఉపాయం దొరకలేదు. అయితే మచ్చలలో వాయువులు లోపలి నుంచి వెలుపలికి పారుతున్నాయని 1909లో జాన్ ఎవర్షెడ్ ఇక్కడే కనుగొన్నాడు. 1904 నుంచి తీస్తూ వచ్చిన సూర్యుని ఫోటోలు నేటికీ పరిశోధకులకు పనికివస్తున్నాయి.

రెండవది జవ్వాది కొండలలోని కావలూరు. ఎత్తు 725 మీటర్లే. కానీ చుట్టూ అడవి, చీకటి. పైగా బాగా దక్షిణాన ఉండటం వల్ల దక్షిణాకాశం చాలావరకు కనిపిస్తుంది. ఈ చోటును ఎంచుకున్న వైను బప్పు హైదరాబాదులో పెరిగినవాడు. ఆయన తండ్రి అక్కడి నిజామియా వేధశాలలో పనిచేశాడు. 2.34 మీటర్ల అద్దం గల పెద్ద టెలిస్కోపు కోసం బప్పు ఏళ్ళ తరబడి శ్రమించాడు. అది 1986లో పనిలోకి వచ్చింది. ఆయన 1982లోనే మరణించాడు. ఇప్పుడు దానికి ఆయన పేరే ఉంది.

ఇక్కడికి వచ్చిన విద్యార్థులు కొందరు నిరాశపడతారు. శాస్త్రజ్ఞుడు గొట్టానికి కన్ను ఆనించి కూర్చోడు, కంప్యూటరు తెర ముందు కూర్చుంటాడు. కన్ను పట్టే వెలుగుకు లక్ష రెట్లకు పైగా ఈ అద్దం పడుతుంది. దాన్ని యంత్రం నమోదు చేస్తుంది. మబ్బు పడితే మాత్రం ఆ రాత్రి ఎవరికీ పని లేదు.

ఇలా చేయండి: మబ్బులేని రాత్రి, దీపాలకు దూరంగా అరగంట ఉండి, తూర్పున అప్పుడే పైకి వస్తున్న ఒక నక్షత్రాన్నీ నడినెత్తిన ఉన్న మరొకదాన్నీ చూడండి. ఏది ఎక్కువగా మిణుకుమంటోంది? ఎందుకు?